గాలితో చల్లాఱు ఇంజను: మెఱుగులు, మార్పులు



నేటి ప్రసంగమునకు విషయము జర్మనీదేశపు స్పోర్ట్సు కారు ఒకదాని ఇంజను. ఆ కారు పేరు పోర్షే 911. శ్రోతలలో పెక్కురు దానిని చూచి యుండరు. కాని దాని ఇంజనులోని ముఖ్యసూత్రము మీ యూరి వీధిలో ప్రతిదినమును తిరుగుచునే యున్నది. మోటారు సైకిలు ఇంజనుమీద దువ్వెన పండ్లవలె వరుసగా నిలిచిన పలుచని లోహపు రెక్కలను మీరెఱుగుదురు. అవి అలంకారమునకు పెట్టినవి కావు. వానివలననే ఆ ఇంజను బ్రదికి యున్నది.

పెట్రోలు మండగా పుట్టిన వేడిమిలో ఇంచుమించు మూడవవంతు మాత్రమే చక్రమును త్రిప్పుటకు వినియోగపడును. మఱియొక మూడవవంతు పొగగొట్టము వెంట పోవును. తక్కినది సిలిండరు గోడలలోనికి ప్రాకును. ఈ మిగిలిన వేడిమిని ఎప్పటికప్పుడు బయటికి కొనిపోకున్నచో పిస్టను ఉబ్బి సిలిండరులో బిగిసికొనిపోవును. పొలములో నీరు తోడు ఆయిలు ఇంజనులలో పెక్కింటికి ఈ పనిని నీరే చేసిపెట్టును. గాలితో చల్లాఱు ఇంజనునకు అట్టి సదుపాయము లేదు. వేడి కాఫీని లోటాలోనుండి వెడల్పు పళ్లెములోనికి వంచినచో త్వరగా చల్లాఱునుగదా! గాలి తగులు చోటు పెరిగినకొలది వేడిమి త్వరగా పోవును. ఇంజను రెక్కల రహస్యమింతే.

1963లో ఫ్రాంకుఫర్టు నగరపు ప్రదర్శనములో ఈ కారును మొదట 901 అను పేరుతో చూపిరి. నడుమ సున్నగల మూడంకెల పేర్లపై తమకు హక్కు గలదని ప్యూజో అను ఫ్రెంచి సంస్థవారు అభ్యంతరము చెప్పగా సున్న పోయి ఒకటి వచ్చినది. 1964లో స్టుట్‌గార్టున నిర్మాణము మొదలైనది. ఇంజను వెనుక చక్రములకును వెనుకనుండును. ఆఱు సిలిండరులు, మూడు ఒకవైపు, మూడు దానికెదురుగా, నేలకు సమముగా పరుండి యుండును. సిలిండరు వ్యాసము 80 మి.మీ.; పిస్టను పరుగు 66 మి.మీ.; మొత్తము ఘనపరిమాణము 1991 ఘన సెంటీమీటరులు; బలము 130 అశ్వశక్తులు. పైన నిలువుగా 11 రెక్కల పంకా యొకటి బెల్టుతో తిరుగుచు గాలిని రెండు వరుసల సిలిండరులమీదికి తోలును. ఆ గాలి పైనుండి దిగి రెక్కలనడుమ దూరి క్రిందికి పోవును. నూనెయు వేడిమిలో పెద్ద భాగమును మోయును. అది వేఱొక తొట్టిలో, సుమారు 9 లీటర్లు, నిలువయుండి ఇంజనులోనికి పోయి వచ్చుచుండును. గాలితో చల్లాఱు 911 కడపటిది 1998 మార్చిలో వెలువడినది. తరువాతివన్నియు నీటితో చల్లాఱునవే.

కావున నేడు మిగిలియున్న యీ ఇంజనులన్నియు పాతికేండ్లు దాటినవి. కొన్ని అఱువదేండ్లకు చేరినవి. నూనెయు ధూళియు కలిసి జిడ్డు పేరుకొని, మరమేకులు త్రుప్పుపట్టి, లోహము తెల్లని బూజుతో నిండియుండును. వీనిని విప్పి, కడిగి, మెఱుగుపెట్టి, కొందఱు బలమును కూడ పెంచి, తిరిగి కూర్చుట జర్మనీలోను, ఇంగ్లండులోను, అమెరికాలోను పెద్ద వృత్తియైనది. ఆ వృత్తిలో చేయి తిరిగినవారికిని చేయి తిరుగనివారికిని గల భేదము ఒక్క మాటలో నున్నది. నీటితో చల్లాఱు ఇంజనునకు పైభాగము వట్టి గోడ. దానికే రంగు వేసినను బాధ లేదు. గాలితో చల్లాఱు ఇంజనునకు పైభాగమే పనిముట్టు. అందమును మాత్రమే మార్చుచున్నాననుకొనువాడు అక్కడ పనినే మార్చివేయును.

మొదట కడుగుటను గూర్చి చెప్పెదను. క్రాంకు అనబడు వంకరయిరుసును మోయు పెద్ద పెట్టెను క్రాంకు కేసు అందురు. తొలి 911 బండ్లలో అది అల్యూమినియపు పోత. 1968 మొదలు దానిని మెగ్నీషియపు మిశ్రలోహముతో పోసిరి. కారణము బరువు. ఒకే ఘనపరిమాణముగల అల్యూమినియము 27 పాళ్లు తూగినచో మెగ్నీషియము 17 పాళ్లు మాత్రమే తూగును. చూచుటకు రెండును ఒకటే బూడిదవన్నె. స్వభావములు మాత్రము విరుద్ధములు. సబ్బు చేయుటకు వాడు కాస్టిక్ సోడా అల్యూమినియమును తినివేయును, మెగ్నీషియమును తినదు. ఇత్తడిచెంబును చింతపండుతో తోమునట్లు ఆమ్లముతో తోమినచో మెగ్నీషియము నురుగుకట్టి కరగిపోవును. కావున ఏ ముక్క ఏ లోహమో ఎఱుగక అన్నింటిని ఒకే తొట్టిలో ముంచువాడు ఏదో ఒకదానిని పాడుచేయక తప్పదు. మెగ్నీషియమునకు మఱియొక గుణము గలదు. దాని రజను నిప్పంటుకొనును. బాణసంచాలో కన్నులు చెదరు తెల్లని వెలుగునకు ఆ పొడినే వాడుదురు. నీరు పోసినచో ఆఱదు సరికదా, ఇంకను చెలరేగును. అందుచేత ఆ కేసును తొలుచుచోట పొడియిసుక బొక్కెన సిద్ధముగా నుంచుకొందురు.

జిడ్డు పోయిన పిమ్మట, పాతమచ్చలు వదలుటకు గాలి ఒత్తిడితో సన్నని గాజుపూసలను చిమ్ముదురు. ఈ పద్ధతితో లోహము వెండివలె తెల్లబడును. చూచువారు ముచ్చటపడుదురు. కాని క్రాంకు కేసు లోపల బేరింగులకు నూనె కొనిపోవు సన్నని కాలువలు అడ్డముగను నిలువుగను తొలిచియుండును. వాని చివరలను బిరడాలతో మూసియుందురు. ఇసుకరేణువంతటి గాజుపూస యొకటి ఆ కాలువ మూలలో చేరినచో ఎంత ఊదినను రాకపోవచ్చును. ఇంజను నడిచి, నూనె వేడెక్కి, ఒత్తిడితో పారినప్పుడు అది వదలి బేరింగులోని మెత్తని లోహములో దిగబడును. అక్కడనుండి అది ఉలివలె ఇరుసును గీయును. ఈ కారణముచేత నేర్పరులైన పనివారు ముందుగా బిరడాలను తొలిచి తీసివేసి, బుడ్డిబ్రష్షులతో కాలువలను తోమి, వేడి సబ్బునీటితో కడిగి, ఆరబెట్టి, క్రొత్త బిరడాలు వేయుదురు. పూసలను నీటితో కలిపి చిమ్ము పద్ధతియు నేడు వాడుకలో నున్నది. దానివలన లోహపు పైపొర అంతగా నలుగదు, దుమ్ము రేగదు. కాని కాలువల జాగ్రత్త దానికిని తప్పదు.

నూనెను చల్లార్చు రేడియేటరు విషయమును ఇట్టిదే. పూర్వము ఆ ఇంజనులో ఏ బేరింగైనను చెడి నలిగియున్నచో ఆ లోహపు తునుకలు రేడియేటరు గొట్టములలో దాగియుండును. పైన చక్కగా నల్లరంగు వేసి అమర్చినంతమాత్రమున లోపలి తునుకలు పోవు. క్రొత్త ఇంజనుకు పాత రోగమును అంటించుటకు ఇంతకంటె సులభమైన దారి లేదు.

ఇక రంగు. లోహమునకు విద్యుత్తుతో పొడిరంగును అంటించి కొలిమిలో కాల్చు పద్ధతి యొకటి వచ్చినది. ఆ పూత గట్టిది, నునుపైనది, చిరకాలము నిలుచునది. పంకా చుట్టునుండు రేకులకును, బండిలోని యితర రేకులకును అది తగును. సిలిండరు రెక్కలకును సిలిండరు తలలకును తగదు. రంగు వేడిమిని మోయుటలో అల్యూమినియముకంటె వందలరెట్లు మందమైనది. వెండ్రుకమందపు పొరయైనచో నష్టము స్వల్పమే. కాని దళసరి పూత రెక్కల మొదళ్లలో పేరుకొని సందులను ఇఱుకుచేయును. గాలి దూరవలసిన చోట రంగు కూర్చుండును. కావున రెక్కలను శుభ్రపఱచి ఉన్నది ఉన్నట్లుగా విడిచిపెట్టుటయే నా అభిప్రాయమున ఉత్తమము. వన్నె తగ్గినచో తగ్గనిండు. మెగ్నీషియపు కేసునకు మాత్రము ఏదో యొక రక్షణ కావలెను. వట్టిగా విడిచినచో తేమకు బూజుపట్టును. దానికి క్రోమేటు ద్రావణములో ముంచు పద్ధతి పాతది. బంగారుచాయగల గోధుమరంగు వచ్చును, మందమేమియు పెరుగదు.

మందము పెరుగరాదనుటకు మఱియొక హేతువును గలదు. ఈ కేసు నిలువున రెండు సగములు. వాని నడుమ కాగితముగాని తోలుగాని లేదు. నునుపుగా కోసిన రెండు ముఖములు పలుచని లేపనముతో ఒకదానికొకటి అంటుకొనవలెను. ఆ ముఖములమీద రంగు పడినను, పూసల దెబ్బ తగిలినను, ఆకురాయితో గీకినను నూనె కారుట మొదలగును. ఇరుసు కూర్చుండు రంధ్రముల కొలతయు మారును.

మరమేకులకును నట్లకును పెట్టు పూత ఇత్తడిగిన్నెకు పెట్టు కళాయివంటిది. కర్మాగారమువారు వాడినవి కాడ్మియమును తుత్తునాగమును. పైన పసుపువన్నె క్రోమేటు. కాడ్మియము మూత్రపిండములను చెఱచు విషము. ఆ పసుపువన్నెకు పాతకాలమున వాడిన క్రోమేటు క్యాన్సరు కలిగించునది. నేడు పెక్కుచోట్ల తుత్తునాగమునే, విషము తక్కువైన ద్రావణములతో వాడుచున్నారు. వన్నె కొంచెము భేదించును. ప్రదర్శనలలో ఆ భేదమును పట్టుకొని తప్పెంచువారు కలరు. ఆ తొట్టెల ప్రక్కన నిలిచి పనిచేయువాని ఊపిరికంటె మరమేకు వన్నె ఎక్కువ కాదని వారికి ఎవ్వరు చెప్పగలరు? అది యట్లుండనిండు. ఈ పూతలో మఱియొక చిక్కు గలదు. ద్రావణములో నున్నప్పుడు హైడ్రోజను వాయువు ఉక్కులోనికి దూరి దానిని పెళుసు చేయును. మెత్తని మేకులకు దీనివలన బాధ లేదు. గట్టి ఉక్కుమేకులను పూత ముగిసిన వెంటనే సుమారు 200 డిగ్రీల వేడిమిలో కొన్ని గంటలసేపు ఉంచి ఆ వాయువును వెళ్లగొట్టవలెను. పిస్టను కడ్డీల బోల్టులను మాత్రము పూత పెట్టి మరల వాడనే కూడదు. అవి బిగించినప్పుడు సాగునట్టివి. విప్పినచో క్రొత్తవి వేయవలెను.

కేసుమీద ఇంజను సంఖ్యను అచ్చుగొట్టి యుందురు. బండి పుట్టుపూర్వములకు అదియే సాక్ష్యము. మెఱుగుపెట్టు ఉత్సాహములో ఆ అంకెలను అరగదీసినచో బండి విలువలో గొప్పభాగము ఆ దుమ్ముతోనే పోవును. పనివారు ఆ చోటికి ముందుగా పట్టీ అంటించి పని మొదలుపెట్టుదురు.

ఇప్పుడు మార్పులను గూర్చి. ఇంజను బలమును పెంచుటకు మార్గములు ముఖ్యముగా రెండు. ఒకటి, వేగముగా త్రిప్పుట. 1967 నాటి 911 ఎస్ అను రకములో ఘనపరిమాణము 1991 గానే యుంచి, కవాటములను పెద్దవిచేసి, వానిని తెఱచు కామ్ ఇరుసును మార్చి, సుత్తెపోటుతో సాగగొట్టిన గట్టి పిస్టనులు వేసి 160 అశ్వశక్తులు రాబట్టిరి. కాని ఆ బలము నిమిషమునకు 6600 చుట్లు తిరిగినప్పుడే వచ్చును. మొదటిదానికి 6100 చాలును. నెమ్మదిగా పోవువానికి దానివలన లాభము తక్కువ.

రెండవది సిలిండరును పెద్దదిచేయుట. ఒక సిలిండరు నడిమినుండి ప్రక్క సిలిండరు నడిమికి దూరము 118 మి.మీ. ఆ దూరము మార్చక వ్యాసమును 80 నుండి 84కు, పిమ్మట 90కి పెంచిరి. 90 మి.మీ. వచ్చుసరికి లోపల ఇనుపగొట్టము తొడుగుటకు చోటు చాలలేదు. అందుకై అల్యూమినియపు సిలిండరు లోపలిభాగమునకే నికెలులో సిలికాను కార్బైడు అను కఠినమైన రేణువులను కలిపి పలుచని పూత పెట్టిరి. దానిని నికసిల్ అందురు. 1973 నాటి కరేరా ఆర్ ఎస్ అను బండి ఈ సిలిండరులతో 2687 ఘన సెంటీమీటరులును 210 అశ్వశక్తులును కలదై పేరుపొందినది. అట్టివి 1580 మాత్రమే తయారైనవి. దానివలె చేయించుకొనవలెనని నేటికిని ఎందఱో తమ చిన్న ఇంజనులను తొలిపించుచున్నారు. చిన్న సిలిండరులకు తగిన కేసురంధ్రము 92 మి.మీ.; పెద్దవి దిగుటకు దానిని 97 మి.మీ. చేయవలెను. పెరిగినది బలము; తరిగినది కేసు లోహము.

ఆ తరుగు ఫలితమును కర్మాగారమువారే 1974 మొదలు 1977 వఱకు చూచిరి. ఆ యేండ్ల సాధారణపు 911 బండ్లన్నియు 2.7 లీటర్ల మెగ్నీషియపు కేసువి. ఒక్కొక్క సిలిండరునకు నాలుగు చొప్పున 24 పొడవైన ఉక్కు కడ్డీలు, ఒక కొన కేసులో మరలతో దిగి, మఱియొక కొన సిలిండరు తలమీద నట్టుతో బిగిసి యుండును. 100 మి.మీ. పొడవుగల ముక్కలను 100 డిగ్రీలు అధికముగా వేడిచేసినచో ఉక్కు ఇంచుమించు 0.12 మి.మీ., అల్యూమినియము 0.23, మెగ్నీషియము 0.26 పెరుగును. అనగా సిలిండరు పెరిగినంతగా కడ్డీ పెరుగదు. సిలిండరు తలను పైకి త్రోయును, కడ్డీ క్రిందికి లాగును; ఆ లాగుడంతయు మెత్తని మెగ్నీషియపు మరచుట్లమీద పడును. బండి చల్లాఱిన ప్రతిమాఱును లాగుడు సడలును, వేడెక్కిన ప్రతిమాఱును బిగియును. దానికి తోడు అమెరికాలో పొగను శుభ్రపఱచు చట్టమునకై 1975 మొదలు కాలిఫోర్నియాకును, తరువాత దేశమంతటికిని పంపిన బండ్లలో సిలిండరుల క్రిందనే పొగను మరల మండించు పాత్రలను పెట్టిరి. వేడిమి మఱింత హెచ్చినది. చివరకు మరచుట్లు తెగి కడ్డీ ఊడివచ్చును. సిలిండరు తల వదులై వాయువు బుసకొట్టును. 1978లో సామాన్యపు 911 ఇంజను 3 లీటర్లదై, కేసు తిరిగి అల్యూమినియమునకు వచ్చినది.

అట్టి కేసు చేతికి వచ్చినప్పుడు పారవేయవలెనా, బాగుచేయవలెనా? వృత్తి తెలిసినవారు బాగుచేయుటకే మొగ్గుదురు. నేనును వారి పక్షమే. పాడైన రంధ్రమును పెద్దదిగా తొలిచి, లోపలను వెలుపలను మరలుగల చిన్న ఉక్కుగొట్టమును దానిలో బిగించెదరు. కడ్డీ ఆ గొట్టములో దిగును. గొట్టపు వెలుపలి చుట్టుకొలత పెద్దది గనుక లాగుడు ఎక్కువ మెగ్నీషియముమీద పంచబడును. ఊడిన ఒకటి రెండు చోట్లకే గాక 24 చోట్లను ఒకేసారి వేయుట బుద్ధిమంతుల పని. ఒకటి ఊడినదనగా తక్కినవి దారిలో నున్నవనియే అర్థము. వేడికి కేసు వంగి ఇరుసురంధ్రములు ఒకే గీతలో లేకున్నచో వానిని వరుసగా మరల తొలిచి, వెలుపలి వ్యాసము కొంచెము పెద్దదైన బేరింగులను వేయుదురు. కడ్డీల లోహమును మార్చి, అల్యూమినియమువలెనే పెరుగు డిలవార్ అను ప్రత్యేకపు ఉక్కును కర్మాగారమువారు క్రింది వరుసకు వాడిచూచిరి. ఆలోచన సరియైనదే. కాని తేమయు ఉప్పును తగిలి త్రుప్పుపట్టి అవి హఠాత్తుగా విఱుగజొచ్చినవి. ఒక రోగమునకిచ్చిన మందు వేఱొక రోగమైనది.

అశ్వశక్తిని ఒక్కటియు పెంచని మార్పులు కొన్ని గలవు. నా లెక్కలో అవియే ముందు చేయవలసినవి. కవాటములను తెఱచు కామ్ ఇరుసులను రెండు గొలుసులు త్రిప్పును. గొలుసును బిగువుగా నుంచుటకు నూనెతో పనిచేయు చిన్న సాధనములుండును. పాతవి తమలోని నూనె కారిపోయి కూలబడెడివి. గొలుసు వదులై పండ్లు జాఱినచో తెఱచియున్న కవాటమును పిస్టను ఢీకొనును. ఆ నిమిషముతో ఇంజను ముగిసినట్లే. 1984 నాటి 3.2 లీటర్ల బండిలో ఈ సాధనములకు ఇంజను నూనెనే ఒత్తిడితో అందించు ఏర్పాటు చేసిరి. దానిని పాత ఇంజనులకును అమర్చవచ్చును. అట్లే 1971 మొదలు పిస్టను అడుగుభాగమునకు నూనె చిమ్ము సన్నని ముక్కులను కేసులో పెట్టిరి; అంతకుముందటి కేసులకును నేడు వానిని తొలిచి వేయుదురు. ఇవేవియు పైకి కనబడవు. వీనికై డబ్బు పెట్టుమనగా వెనుకాడి, పంకాకు మెఱుగుపెట్టుమనగా సంచి విప్పు యజమానులు ఆ దేశములోను కొఱత లేదు.

తిరిగి కూర్చునప్పుడు సిలిండరుల చుట్టు రేకులను, వాని అంచులనుండు రబ్బరు పట్టీలను ఒక్కటియు విడువరాదు. రంగువేయించిన రేకు సరిగా కూర్చుండలేదని దానిని మూలకు పెట్టినచో క్రిందినుండి వేడిగాలి పైకెక్కి పంకాలోనికే పోవును. చల్లార్చవలసిన గాలియే వేడిగాలియగును. కవాటపు సందును ఇంజను చల్లగా నున్నప్పుడు 0.10 మి.మీ.కు సరిపెట్టుదురు. నట్లను ఒకేసారి బిగింపక, నియమించిన వరుసలో కొంచెము కొంచెముగా, బిగువును కొలుచు పానాతో బిగించెదరు.

ఇంజను నడిచిన తరువాత తొలి నూనెను త్వరలోనే మార్చి, వడపోత డబ్బాను కోసి, లోపలి కాగితపు మడతలను తెల్లని గుడ్డమీద విప్పి వెలుతురులో చూతురు. సన్నని బూడిదవన్నె పొడి కొంచెము కనబడినచో క్రొత్త భాగములు ఒకదానితోనొకటి ఒఱసికొనుచున్నవని తెలియును. కంచువన్నె తునుకగాని గాజురేణువుగాని మెఱసినచో బండిని కదల్పక, మరల మొదటి నట్టునుండి విప్పవలసినదే.